‘కరుణ’ అనే మాట: అర్థం, చరిత్ర, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎదుటివారి బాధ చూసినప్పుడు మనసులో కలిగే కదలికకు తెలుగులో మాటలు చాలానే ఉన్నాయి. కరుణ, దయ, జాలి, కనికరం, కృప, అనుకంప, సానుభూతి అన్నవి వెంటనే గుర్తుకు వచ్చేవి. నిఘంటువు తెరిస్తే ఒకదానికి అర్థంగా మరొకటి కనిపిస్తుంది కాబట్టి ఇవన్నీ ఒకటే అనిపిస్తుంది. అయితే ఒక్కొక్క మాట ఒక్కొక్క దారిన వచ్చింది, ఆ దారి తాలూకు గుర్తులు నేటి వాడుకలో ఇంకా మిగిలే ఉన్నాయి. కరుణ అనే మాటను మధ్యలో పెట్టుకుని, దాని చుట్టూ ఉన్న మాటలను కూడా కలుపుకుని, పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

కరుణ అంటే సరిగ్గా ఏమిటి?

మరొకరి దుఃఖం తెలిసినప్పుడు మనకు కూడా నొప్పి కలిగి, ఆ దుఃఖం తీరితే బాగుండునని కోరుకోవడం కరుణ. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి నొప్పి, రెండవది కోరిక. నొప్పి లేకుండా కోరిక మాత్రమే ఉంటే అది సద్బుద్ధి అనిపించుకుంటుంది, కోరిక లేకుండా నొప్పి మాత్రమే ఉంటే అది దిగులు. రెండూ కలిసినచోటనే కరుణ అన్న మాట సరిగ్గా అతుకుతుంది. వాడుకలో మనం ఈ లెక్క చూసుకోకపోయినా, ‘ఆమె కళ్లలో కరుణ కనిపించింది’ అన్నప్పుడు వినేవాడు ఈ రెండింటినీ ఊహించుకుంటాడు.

ఈ మాట ఏ ధాతువు నుంచి వచ్చింది?

కరుణ సంస్కృత పదం, తెలుగులో తత్సమం. దీని పుట్టుక గురించి ప్రాచీనులు ఒకే మాట మీద లేరు. ధాతువులకు ప్రత్యయాలు చేరి పదాలు ఎలా పుడతాయో చెప్పే సంస్కృత వ్యాకరణ సూత్రాలైన ఉణాదిసూత్రాల్లో ‘కౄవృదారిభ్య ఉనన్’ అనే సూత్రం ఉంది. దాని ప్రకారం, చల్లడం, వెదజల్లడం అనే అర్థం గల కౄ ధాతువుకు ‘ఉనన్’ ప్రత్యయం చేరితే కరుణ అవుతుంది. అదే సూత్రంతో వరుణ, దారుణ అనే పదాలు కూడా ఏర్పడతాయి. దారుణం అనే మాటకు మూలం చీల్చడం అనే అర్థం గల ధాతువు. కరుణ, దారుణం ఒకే సూత్రపు ఒడిలో పుట్టిన తోబుట్టువులన్నమాట. వానలు పడినప్పుడు మన పత్రికలు ‘వరుణుడు కరుణించాడు’ అని రాస్తుంటాయి. అది ప్రాస కోసం రాసిన వాక్యమే అయినా ఆ ప్రాస వెనుక వ్యాకరణం కూడా ఉందని తెలిస్తే ముచ్చటగా ఉంటుంది.

చేయడం అనే అర్థం గల కృ ధాతువుతో ఈ మాటను ముడిపెట్టినవారూ ఉన్నారు. వేదంలోని వాడుక వారి వైపే మొగ్గుతుంది.

వేదంలో కూడా కరుణ అంటే దయ అనేనా?

కాదు. ఋగ్వేదం మొదటి మండలం నూరవ సూక్తంలో ఇంద్రుడిని ‘విశ్వస్య కరుణస్యేశ ఏకః’ అన్నారు. అక్కడ కరుణం అంటే కర్మ, పవిత్రమైన పని. సమస్త కర్మలకూ అతడొక్కడే అధిపతి అని భావం. అంటే మనకు దొరికే అతి పాత వాడుకలో ఈ పదానికి చేత అని అర్థం, మనసులోని మెత్తదనంతో దానికి సంబంధం లేదు. ఆ వైదిక పదమూ నేటి కరుణా పూర్తిగా ఒకటేనా, లేక ఒకే రూపం గల రెండు పదాలా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. నాకు మాత్రం ఈ పాత అర్థం అంటే ఇష్టం. కరుణ అనే మాటలో ఎక్కడో అడుగున చేయడం అన్నది పడి ఉండటం తగిన సంగతిగానే తోస్తుంది.

కరుణ అంటే దుఃఖం అనీ, దయ అనీ రెండు అర్థాలు ఎలా వచ్చాయి?

ఈ మాట చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం వాల్మీకి రామాయణం బాలకాండ రెండవ సర్గలో, వరుసగా వచ్చే నాలుగైదు శ్లోకాల్లో కళ్లకు కట్టినట్టు ఉంది.

తమసా నది ఒడ్డున క్రౌంచపక్షుల జంట ఒకటి తిరుగుతున్నది. బోయవాడు బాణం వేసి మగపక్షిని కొట్టాడు. నెత్తురోడుతూ నేల మీద కొట్టుకుంటున్న తన జోడును చూసి ఆడపక్షి ఏడ్చింది. అక్కడ కవి వాడిన మాట ‘రురావ కరుణాం గిరమ్’. ఆమె ‘కరుణమైన’ గొంతుతో ఏడ్చింది అని అర్థం. ఇక్కడ కరుణ అంటే దయ కాదు. దుఃఖంతో నిండినది, వింటే గుండె పిండేసేది అని భావం. ఆ ఏడుపు విన్న ఋషికి ఏమైందో కొంచెం దాటగానే కవి చెబుతాడు: ‘ఋషేర్ధర్మాత్మనస్తస్య కారుణ్యం సమపద్యత’. ధర్మాత్ముడైన ఆ ఋషికి కారుణ్యం కలిగింది. ఆ వెంటనే వచ్చే శ్లోకంలో ‘కరుణవేదిత్వాత్’ అనే మాట ఉంది. కరుణను ఎరిగినవాడు కావడం వల్ల ఇది అధర్మమని అతడు పలికాడట.

పక్షి గొంతులో ఉన్నది కరుణ, ఋషి గుండెలో కలిగినది కారుణ్యం. బాధపడేవారి వద్ద ఉన్నదానికీ, ఆ బాధ చూసినవారిలో కలిగేదానికీ భాష ఒకే మాటను పంచి ఇచ్చింది. ఒకరి నుంచి మరొకరికి దాటిపోయేది ఒకే పదార్థమని ఆ మాటను వాడినవారు భావించినట్టే కదా. రామాయణంలో ‘కరుణంగా విలపించాడు’ అనే తీరు వాక్యాలు ఎన్నో చోట్ల వస్తాయి. అవన్నీ ఏడ్చేవారి గురించినవి. తెలుగులో ఈ మొదటి అర్థం పలచబడిపోయినా ‘కరుణాజనకం’, ‘కరుణరసం’ వంటి సమాసాల్లో అది నిలిచి ఉంది.

కరుణరసం అంటే శోకమా, దయా?

భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం కరుణరసానికి స్థాయిభావం, అంటే దానికి ఆధారంగా నిలిచే మూలభావం, శోకం. దాని రంగు పావురపు బూడిదరంగు, అధిదేవత యముడు. యముడే అధిదేవత అయిన రసం దయ ఎలా అవుతుందని విద్యార్థులు తికమకపడుతుంటారు. పై ప్రశ్నకు చెప్పిన సమాధానమే దీనికీ వర్తిస్తుంది. రంగస్థలం మీద పాత్ర పడేది శోకం, దానిని చూస్తున్న ప్రేక్షకుడిలో తడి పుట్టించేది కూడా అదే శోకం. శోకం పాత్రది, కరగడం ప్రేక్షకుడిది, రెండింటికీ పేరు కరుణ. భవభూతి ఉత్తరరామచరితంలో ‘ఏకో రసః కరుణ ఏవ’ అని, ఉన్న రసం ఒక్కటే, అది కరుణే, మిగిలినవి దాని రూపభేదాలు అన్నాడు. రసాల సంఖ్య గురించి ఆ మాటను అక్షరాలా ఒప్పుకోనక్కరలేదు గాని, ఆ నాటకం చదివినవారికి ఆయన ఎందుకు అలా అన్నాడో అర్థమవుతుంది.

బౌద్ధులు ఈ మాటకు కొత్త అర్థం ఇచ్చారా?

కొత్త అర్థం ఇచ్చారనడం కన్నా, ఉన్న అర్థాన్ని సాన పట్టారనడం సరైనది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటిని బౌద్ధులు బ్రహ్మవిహారాలు, అంటే మనసు నిలుపుకోవలసిన ఉత్తమ స్థితులు, అన్నారు. ఇదే నాలుగింటి వరుస పతంజలి యోగసూత్రాల్లో కూడా ‘మైత్రీకరుణాముదితోపేక్షాణాం’ అని కనిపిస్తుంది. సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల సంతోషం, పాపుల పట్ల ఉపేక్ష అలవరచుకుంటే చిత్తం తేటపడుతుందని ఆ సూత్రం చెబుతుంది.

క్రీస్తుశకం 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుడు పాళీ భాషలో రాసిన విసుద్ధిమగ్గంలో కరుణ అనే మాటను మూడు విధాలుగా విడదీశాడు. ఇతరుల దుఃఖం చూసినప్పుడు సాధువుల హృదయాన్ని కంపింపజేసేది కనుక కరుణ. ఇతరుల దుఃఖాన్ని నశింపజేసేది కనుక కరుణ. దుఃఖితుల మీద పరుచుకునేది కనుక కరుణ. ఇవి నేటి భాషాశాస్త్రం మెచ్చే వ్యుత్పత్తులు కాకపోవచ్చు గాని, అర్థాన్ని పట్టి చూపడంలో వీటికి సాటి లేదు. వణకడం, దుఃఖాన్ని పోగొట్టడం, పరుచుకోవడం అన్న క్రమం కూడా గమనించదగినదే.

అదే గ్రంథంలో కరుణకు ఇద్దరు శత్రువులున్నారని ఉంది. దూరపు శత్రువు హింస. అది ఎవరికైనా తెలుస్తుంది. దగ్గరి శత్రువు మాత్రం దుఃఖమే. మన ఇష్టాలు తీరనందుకు, మనది అనుకున్నది పోయినందుకు కలిగే దుఃఖం కరుణ వేషం వేసుకుని పక్కనే కూర్చుంటుందని హెచ్చరిక. రోగి మంచం పక్కన కూర్చుని తామే ఎక్కువ ఏడ్చి, చివరకు రోగి చేతనే ఓదార్పు పొందేవారిని చూసినప్పుడు ఈ హెచ్చరిక విలువ తెలుస్తుంది.

మనసు కరుగుతుంది కాబట్టి ‘కరుగు’ నుంచి ‘కరుణ’ వచ్చిందనుకోవచ్చా?

అనుకోకూడదు. కరుగు అచ్చతెలుగు క్రియ, కరుణ సంస్కృతం నుంచి వచ్చిన నామవాచకం. మొదటి రెండు అక్షరాల పోలిక కాకతాళీయం. అయితే ఈ పొరపాటు ఎందుకు పదేపదే జరుగుతుందో ఊహించవచ్చు. ఈ భావం గురించి మాట్లాడేటప్పుడు తెలుగువాడికి నీళ్లే గుర్తుకు వస్తాయి. మనసు కరుగుతుంది, కళ్లు చెమరుస్తాయి, చూపులో కరుణ ఒలుకుతుంది, గుండెలో తడి ఉంటుంది. సంస్కృతం వైపు చూసినా ఆర్ద్రత అంటే తడిదనమే, కరుణాసముద్రుడు, దయాసింధువు అన్నవి కూడా నీటి మాటలే. ఇన్ని నీటి మాటల మధ్య పెరిగిన కరుణ, కరుగు నుంచి పుట్టినట్టు కనిపించడంలో వింత లేదు.

అమరకోశం కరుణకు ఏ పర్యాయపదాలు ఇచ్చింది? వాటి మధ్య తేడాలేమిటి?

సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశంలో అమరసింహుడు ఇచ్చిన వరుస ఇది: ‘కారుణ్యం కరుణా ఘృణా కృపా దయానుకంపా స్యాదనుక్రోశోఽపి’. ఈ వరుస నాట్యవర్గంలో, రసాల పేర్లు చెప్పేచోట వస్తుంది. అంటే కరుణరసానికి పర్యాయపదాలుగా ఆయన దయకు సంబంధించిన మాటలన్నిటినీ ఒకచోట పేర్చాడు. శోకమూ దయా ఒకే గూటివని ఆయన కూడా తలచాడన్నమాట.

ఇందులో అనుకంప, అనుక్రోశం అనే రెండింటిని దగ్గరగా చూడవలసి ఉంది. కంపం అంటే వణుకు. భూకంపంలో ఉన్న కంపం అదే. ‘అను’ అంటే వెంట. ఒకరు వణికితే ఆ వెంటనే మనమూ వణకడం అనుకంప. చలిలో తడిసి గజగజలాడుతున్న పిల్లవాడిని చూసినప్పుడు, మన ఒంటి మీద పొడి బట్టలే ఉన్నా, భుజాలు ఒక్కసారి ముడుచుకుంటాయి. ఆ ముడుచుకోవడమే ఆ పదం. భిక్షువులను లోకం మీదికి పంపుతూ బుద్ధుడు చెప్పినట్టు పాళీ వినయపిటకంలో ఉన్న మాటల్లో ‘బహుజనహితాయ బహుజనసుఖాయ’ అన్నది అందరికీ తెలుసు. ఆ వెంటనే ఉన్నది ‘లోకానుకంపాయ’. లోకం వణికితే వణకగలిగినవారే లోకం మీదికి వెళ్లాలని నేను దానిని చదువుకుంటాను.

అనుక్రోశంలో ఉన్నది క్రోశం, అంటే ఎలుగెత్తి ఏడవడం. ఆక్రోశం అని మనం నేటికీ వాడే మాటలో ఉన్నది ఇదే. ఒకరు ఏడిస్తే వారి వెంట ఏడవడం అనుక్రోశం. ఆక్రోశం తెలుగులో బతికి, అనుక్రోశం గ్రాంథికంలోనే ఉండిపోవడం నాకు కొంత బాధగా ఉంటుంది.

ఘృణ సంగతి మరీ విచిత్రమైనది. అమరకోశమే మరొకచోట, నానార్థాల వర్గంలో, ‘జుగుప్సాకరుణే ఘృణే’ అని ఘృణకు అసహ్యం, కరుణ అని రెండు అర్థాలూ ఇచ్చింది. హిందీలో అసహ్యం అనే అర్థమే మిగిలింది. తెలుగులో నిర్ఘృణం అంటే దయలేనిది కాబట్టి, మన సమాసంలో మిగిలినది కరుణ అనే అర్థం. కుళ్లిన పుండును చూసినప్పుడు చూపు తిప్పుకునే కదలికా, చేయి చాచే కదలికా ఒకే క్షణంలో పుడతాయి. ఆ క్షణానికి పేరు పెట్టి, రెండు దారులూ తెరిచి ఉంచిన మాట ఇది.

కృప విషయానికి వస్తే, మహాభారతంలో కృపాచార్యుడికి ఆ పేరు రావడానికి కారణం శంతనుడు అడవిలో దొరికిన కవలలను కృపతో తెచ్చి పెంచడమే. అబ్బాయి కృపుడు, అమ్మాయి కృపి అయ్యారు. కృపణుడు అనే మాట కూడా ఈ కుదురుకు చెందినదే. మొదట దానికి దీనుడు, జాలిపడదగినవాడు అని అర్థం, తరవాత పిసినారి అనే అర్థం స్థిరపడింది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడిని కృప ఆవరించిందని, రెండవ అధ్యాయంలో అతడే తనది కార్పణ్యదోషమని చెప్పుకున్నాడని చదువుతాం. కృప కలిగినవాడు, తానే కృపణుడనని ఒప్పుకోవడం అక్కడ జరిగింది.

దయ అనే మాట ఎక్కడిది? దయ్యానికీ దీనికీ సంబంధం ఉందా?

దయ్యానికీ దయకూ సంబంధం లేదు. దయ్యం దైవం అనే మాటకు వికృతి.

దయ పుట్టినది దయ్ ధాతువు నుంచి. దీనికి సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ఇచ్చిన అర్థాలు దానం, గమనం, రక్షణ, హింస, ఆదానం. ఇవ్వడం, కాపాడటం పక్కన హింస ఎలా చేరిందని ఎవరికైనా సందేహం వస్తుంది. వేదంలో ఈ క్రియకు పంచడం, భాగం పెట్టడం అనే అర్థం కనిపిస్తుంది. పంచాలంటే విడదీయాలి కాబట్టి ఆ అర్థాలన్నీ అక్కడి నుంచే చీలి ఉంటాయని ఊహించవచ్చు. ఏమైనా దయ అంటే మొదట తన వద్ద ఉన్నదానిలో భాగం ఇవ్వడం. కరుణ, అనుకంప లోపల జరిగేదానికి పేర్లయితే, దయ చేతి నుంచి బయటికి వెళ్లేదానికి పేరు.

బృహదారణ్యకోపనిషత్తు ఐదవ అధ్యాయంలో దీని గురించిన కథ ఉంది. దేవతలు, మనుషులు, అసురులు ముగ్గురూ ప్రజాపతి వద్ద చదువు ముగించుకుని ఉపదేశం అడిగారు. ఆయన ముగ్గురికీ ‘ద’ అనే ఒక్క అక్షరమే చెప్పాడు. దేవతలు దానిని ‘దామ్యత’, అంటే ఇంద్రియాలను అదుపులో పెట్టుకోండి అని, మనుషులు ‘దత్త’, ఇవ్వండి అని, అసురులు ‘దయధ్వమ్’, దయ చూపండి అని అర్థం చేసుకున్నారు. ఎవరికి ఏది కొరతో వారికి అది వినిపించింది. ఉరుము నేటికీ ద ద ద అంటూ అదే చెబుతున్నదని ఉపనిషత్తు అంటుంది.

అశోకుడి రెండవ స్తంభశాసనంలో ధర్మం అంటే ఏమిటో చెప్పినచోట దయ, దానం, సత్యం, శుచి అని పక్కపక్కనే ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది నాటి ఆ ప్రాకృత శాసనంలో కూడా దయ దానం పక్కనే కూర్చున్నది. మన ‘దయచేసి’, ‘దయచేయండి’ అన్నవాటిలో ఇచ్చేవాడి పెద్దరికాన్ని గౌరవించడమే మిగిలి, బాధతో సంబంధం పూర్తిగా పోయింది.

జాలి అనేది కరుణ కన్నా తక్కువ స్థాయి మాటా?

ఇలా అనుకునేవారు ఎక్కువయ్యారు. ‘నా మీద జాలి చూపించనక్కరలేదు’ అని అనేవారు ‘నా మీద కరుణ చూపించనక్కరలేదు’ అని అనరు కాబట్టి, జాలిలో ఎదుటివారిని కిందకు చూసే గుణం ఉందని వాదిస్తారు. నేను ఈ వాదంతో ఏకీభవించను.

జాలి మన దేశ్య పదం. పాత కావ్యభాషలో దీనికి దుఃఖం, చింత అనే అర్థం కూడా ఉంది. జాలి పడటం అంటే తాను దుఃఖపడటమే. ఇక్కడ కూడా, సంస్కృత కరుణలో లాగానే, దుఃఖానికీ ఇతరుల దుఃఖం చూసి కలిగే దుఃఖానికీ ఒకే మాట ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషాకుటుంబాల మాటలు ఒకే చోటికి చేరాయి. దీనిని ఒట్టి యాదృచ్ఛికమని కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు.

వాక్యంలో ఈ మాట నడిచే తీరు చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. మనం ‘నాకు జాలి వేసింది’ అంటాం. నాకు ఆకలి వేసింది, నాకు చలి వేసింది, నాకు భయం వేసింది అన్నవాటి వరుసలోనే ఇదీ ఉంది. ఆకలి, చలి మన అనుమతి అడిగి రావు. వాటిని ఎవరూ పైనుంచి కిందకు చూపించరు. ‘నాకు దయ వేసింది’ అనో ‘నాకు కృప వేసింది’ అనో తెలుగులో ఎవరూ అనరు. దయ చూపుతారు, కృప ఉంచుతారు, కరుణిస్తారు, కనికరిస్తారు. ఈ క్రియలకు కర్త దేవుడు, రాజు, అధికారి, లేదా ఇవ్వగల స్థితిలో ఉన్న మరెవరో. జాలికి మాత్రం కర్త లేడు, అది పడినవాడే ఉన్నాడు. బాధపడు, భయపడు, సిగ్గుపడు అన్నట్టే జాలిపడు. మన మాటల్లో పెద్ద, చిన్న తేడా లేనిది జాలి ఒక్కటే. కూలివాడు జమీందారును చూసి జాలిపడగలడు, చిన్నపిల్ల తాతను చూసి జాలిపడగలదు. ‘తాతను కరుణించింది’ అంటే నవ్వు వస్తుంది.

‘జాలి చూపించవద్దు’ అన్నవారికి నొప్పి కలిగించినది జాలి కాదు, ‘చూపించడం’. వేయవలసినదానిని చూపించినప్పుడు అది నటన అవుతుంది, అవతలివారు దానిని పసిగట్టేస్తారు.

‘పాపం’ అంటే చేయరాని పని కదా, జాలిపడినప్పుడు ఆ మాట ఎందుకు అంటాం?

వానలో తడిసిన కుక్కపిల్ల అరుగు కింద ముడుచుకుని ఉంటే, మాటలు అప్పుడే నేర్చిన పిల్లవాడు కూడా వేలు చూపి ‘పాపం’ అంటాడు. పాపపుణ్యాల లెక్క వాడికి తెలియదు. సంస్కృతంలో పాప శబ్దానికి చెడ్డ పని అనే అర్థంతో పాటు చెడ్డ స్థితిలో ఉన్నది, దురదృష్టం పాలైనది అనే అర్థం కూడా ఉంది. మనం జాలితో అనే పాపంలో వినిపించేది ఈ రెండవ అర్థమే. తమిళ, మలయాళాల్లో పావం అని, కన్నడంలో పాప అని సరిగ్గా ఇదే సందర్భంలో అంటారు. దక్షిణాది భాషలన్నీ ఈ మాటను ఒకే విధంగా మలచుకున్నాయి.

పాత తెలుగులో ఇలాంటిదే మరొక మాట ఉంది. అయ్యో అనే అర్థంలో ‘అక్కటా’ అనేవారు. ఆ అరుపు నుంచే అక్కటికము అనే నామవాచకం పుట్టి, దయ, కనికరం అనే అర్థంలో కావ్యాల్లో వాడుకైంది. అక్కటా అనిపించేది అక్కటికం. నోటి నుంచి అప్రయత్నంగా వెలువడిన శబ్దం ఒక గుణానికి పేరు కావడం చూస్తే, అనుక్రోశం చేసిన ప్రయాణమే ఇదీ చేసిందనిపిస్తుంది.

ఇతర భాషల్లో ఈ భావానికి మాటలు ఎలా పుట్టాయి?

ఎక్కువగా శరీరం నుంచి పుట్టాయి. బైబిలు కొత్త నిబంధనలో, మత్తయి సువార్త తొమ్మిదవ అధ్యాయంలో, యేసు జనసమూహాలను చూసి ‘కనికరపడి’ అని తెలుగులో ఉన్నచోట గ్రీకు మూలంలోని క్రియ ‘స్ప్లాంఖ్నిజోమై’. అది పేగులు, లోపలి అవయవాలు అనే అర్థం గల పదం నుంచి వచ్చింది. హీబ్రూలో కరుణకు ‘రహమీమ్’ అంటారు, దాని పక్కనే గర్భం అనే అర్థం గల ‘రెహెమ్’ ఉంది. అరబ్బీలోని రహ్మత్, రహీం, ఉర్దూ ద్వారా మనకు తెలిసిన రహం అన్నీ ఆ అక్షరాల కుదురువే. లాటిన్ నుంచి ఐరోపా భాషల్లోకి వెళ్లిన ‘కంపాషన్’ అనే మాటకు కలిసి బాధపడటం అని అర్థం.

పేగుల దాకా వెళ్లినవారు గ్రీకులొక్కరే అనుకోనక్కరలేదు. ‘ఆ పిల్లను చూస్తే కడుపు తరుక్కుపోయింది’ అని మనం అంటాం. కత్తితో కూరగాయను తరిగినట్టు కడుపులో ఏదో తెగడం. కన్నపేగు, పేగుబంధం, కడుపుతీపి అన్న మాటల పక్కన దీనిని పెట్టి చూస్తే, మనకు కూడా ఈ నొప్పికి చోటు కడుపే అని తెలుస్తుంది. గుండె, మనసు అన్నవి రాతలో ఎక్కువగా కనిపిస్తాయి, నోటి మాటలో మాత్రం కడుపే ముందు వస్తుంది.

ఇక కనికరం అనే మాట మనకూ కన్నడిగులకూ ఉమ్మడిది, వారు కనికర అంటారు.

సానుభూతి, సహానుభూతి ఒకటేనా?

రెండూ అనుభూతి నుంచి వచ్చినవే. సానుభూతి ఆధునిక కాలంలో, ఆంగ్లంలోని ‘సింపతీ’కి సమానంగా స్థిరపడింది. ఎదుటివారి చోట నిలబడి వారి అనుభవాన్ని తెలుసుకోవడం అనే అర్థంలో, ‘ఎంపతీ’కి సమానంగా, సహానుభూతిని ఇటీవల వేరుగా వాడుతున్నారు. ఆ తేడా పాటించడం మంచిదే. సానుభూతి ఇప్పటికే సానుభూతి పవనాలు, సానుభూతి ఓట్లు అంటూ ఎన్నికల భాషలో బాగా నలిగిపోయింది.

కారుణ్య నియామకం, కారుణ్య మరణం అన్నచోట కారుణ్యానికి అర్థం ఏమిటి?

ఉద్యోగంలో ఉండగా మరణించిన వ్యక్తి కుటుంబంలో ఒకరికి ఇచ్చే కొలువును కారుణ్య నియామకం అంటారు. తీరని బాధలో ఉన్న రోగి విషయంలో వాడే మాట కారుణ్య మరణం. కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్సను షరతులకు లోబడి ఆపడానికీ, ఆ విషయంలో మనిషి తన ఇష్టాన్ని ముందే రాసి ఉంచడానికీ సుప్రీంకోర్టు 2018 మార్చి 9న అనుమతి ఇచ్చింది. రాజ్యాంగంలో కూడా ఈ భావానికి చోటుంది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఎ అధికరణంలో, ప్రాణుల పట్ల కారుణ్యం కలిగి ఉండటం పౌరుల ప్రాథమిక విధుల్లో ఒకటి.

ఇక్కడ కారుణ్యం అంటే నియమానికి ఇచ్చే సడలింపు. దరఖాస్తుల్లో, ఉత్తర్వుల్లో పదేపదే రాయడం వల్ల ఆ మాటలోని తడి కొంత ఆరిపోయింది. అయినా భర్త పోయిన పది రోజులకు కాగితాలు పట్టుకుని కార్యాలయం మెట్లెక్కిన ఇల్లాలికి ఆ దస్త్రం మీద ఉన్నది వాల్మీకి వాడిన మాటే.

కరుణ, కారుణ్యం, కరుణాకరుడు వంటి రూపాలను ఎలా వాడాలి? ‘కరున’ అని రాయవచ్చా?

కరుణ భావానికి పేరు. కారుణ్యం దానికి మరింత గ్రాంథికమైన రూపం. కరుణ గలవాడు కారుణికుడు. కరుణామయుడు అంటే కరుణతో నిండినవాడు. కరుణాకరుడులో చివర ఉన్నది ఆకరం, అంటే గని. కాబట్టి అతడు కరుణకు గని, కరుణను చేసేవాడు అని విడదీయడం పొరపాటు. క్రియగా కరుణించు అంటే సరిపోతుంది. ‘కరుణ చేయు’ అన్న రూపం తెలుగుకు అతకదు.

‘కరున’ అని రాయకూడదు. పదంలో ముందు రకారం ఉన్నప్పుడు, మధ్యలో అడ్డుపడే హల్లు లేకపోతే, తరవాత వచ్చే నకారం ణకారం కావడం సంస్కృత నియమం. ప్రత్యయం ‘ఉన’ అయినా పదం కరుణ అయినది అందుకే. వరుణ, దారుణ, తరుణ, అరుణ శబ్దాల్లో ణకారం ఉన్నదీ ఆ నియమం వల్లనే.